నాగావళి మీద మా బావ కాసినో

కాస్త ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పుకునే సంగతి కాదిది, మా ఇంటి పరువు కొంచెం ఉంది ఇందులో. ఆ రోజుల్లో, అంటే అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చిన కొత్తలో, రోడ్డు పక్కన నాలుగు కొబ్బరిచెట్లున్న ప్రతివాడూ ‘రిసార్ట్’ అని బోర్డు కట్టేసేవాడు. మా బావా కట్టాడు. కాకపోతే అందరూ నేల మీద కడితే ఆయన నీళ్ళ మీద కట్టాడు. అందులో ఆయన మునిగిన కథే ఇది. ముంచినదాన్ని నేను.

నాకప్పటికి ఇరవై ఏళ్ళు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. అమ్మానాన్నా పోయాక రాజాంలో అక్కాబావల దగ్గరే ఉండి, వాళ్ళ కిరాణా కొట్లో పప్పులు తూచేదాన్ని. (లెక్కలు రావు గానీ, ఏ ఇంటివాళ్ళు ఏ నెలలో ఎంత చింతపండు కొన్నారో ఇప్పటికీ చెప్పగలను.) ఆ కొట్టు బావ తాతగారు పెట్టింది. అక్కడ ఒకటే ఆచారం: తూకం అయ్యాక పిడికెడు కొసరు వెయ్యకుండా ఎవరినీ పంపకూడదు. అగ్గిపెట్టె కొన్నవాళ్ళ చేతిలో కూడా బెల్లం ముక్క పడాల్సిందే.

ధాన్యం వర్తకులతో కలిసి గోవా వెళ్ళిన బావ నాలుగు రోజులకి తిరిగొచ్చాడు. చెప్పులు విప్పకుండానే మొదలెట్టాడు. “ఒసే, నదిలో ఓడ తేల్తన్నాదే! లోపల దీపాలు, చక్రాలు, జనం! కాసినో అంతారు. మన నాగావళి ఏటి తక్కువ?”

“జూదమేటండీ! పోలీసులు ఊరుకుంతారేటి?” అంది అక్క.

“డబ్బులు పంచితే కదా! టిక్కెట్టు కొని నంబరు మీద పెడతారు. చక్రం అక్కడాగితే కిలో కందిపప్పు. కందిపప్పుని అరెస్టు సేస్తారేటి?”

అక్క, “కొట్టు పోతే మనకింకేటీ లేదు. అది గుర్తెట్టుకోండి” అంది.

ఆమదాలవలస దగ్గర నది ఒడ్డున మామిడితోట కౌలుకి తీసుకుని బావ నాలుగు పాకలు వేశాడు. ఇనప పీపాల మీద చెక్కలు బిగించి, పైన తాటాకు కప్పి, రంగుదీపాలు చుట్టి, పడవలాంటిదొకటి నీళ్ళలోకి తోయించాడు. జాతరలకి చక్రాలు చేసే వడ్రంగి చేత, బల్ల మీద పడుకోబెట్టి తిప్పే చక్రం ఒకటి చేయించాడు. బహుమతుల కోసమని కొట్లో సరుకంతా పడవ మీదికి చేరింది. చక్రం తిప్పే ఉద్యోగం నాది. తూచడం తప్ప ఏదీ రానిదాన్ని కాసినోలో కూర్చోబెట్టడమే ఆయన చేసిన మొదటి తప్పు.

మొదటిరోజు శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక సంగీతం మాస్టారు మూడుసార్లు ఓడిపోయి, కండువా దులుపుకుని లేచారు. ఆ ముఖం చూడలేకపోయాను. “ఉండండి మాస్టారూ” అన్నాను. చెయ్యి దానంతటదే పోయి అరకిలో బెల్లం పొట్లం కట్టేసింది. ఓడినాయన్ని ఉత్తచేతులతో ఎలా పంపుతాం?

వారం తిరిగేసరికి ఆమదాలవలసలో రైలు దిగినవాళ్ళందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. గెలిస్తే కిలో పప్పే. ఓడితే నా జాలిని బట్టి పప్పు, బెల్లం, పైన సబ్బు. ఇక జనం ఓడిపోవడానికే రావడం మొదలెట్టారు. మిగతా కాసినోల్లో ఓడినవాళ్ళు ఏడుస్తారట. మా దగ్గర ఒకావిడ గెలిచి ఏడ్చింది. “ఓలమ్మా, గెలిసీసాను! ఇప్పుడు మా అత్తకేటి సెప్పాల? సబ్బుల కోసం కదేటి నన్ను పంపింది!” ఆవిడని ఓదార్చడానికి రెండు సబ్బులు ఇవ్వక తప్పలేదు.

బావ నెత్తి బాదుకున్నాడు. “కాసినోలో కొసరేటే పిల్లా! నీ సెయ్యి కట్టీసినా బాగున్ను!” అని నన్ను పక్కకి జరిపి తనే కూర్చున్నాడు. పావుగంట గడిచింది. ఒక ముసలాయన ఓడిపోయి, బావ ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. బావ అటు చూశాడు, ఇటు చూశాడు. “సంచి పట్టు మావా” అన్నాడు. (మూడు తరాల చెయ్యి అది, ఊరికే ఉంటుందా?)

తర్వాత ఎండలు ముదిరాయి. నాగావళి సన్నబడి అవతలి గట్టు వైపు పోయింది. తేలే కాసినో ఇసకలో ఓ పక్కకి ఒరిగి కూర్చుంది. బల్లతో పాటు చక్రమూ ఒరిగింది. దానిలో ఒకవైపు చెక్క బరువనుకుంటాను, ఎంత గట్టిగా తిప్పినా ఆ వైపే కిందికి జారి ఏడో నంబరు దగ్గర ఆగేది. ఇది నాకు మూడు రోజులకి తెలిసింది, జనానికి మూడు తిప్పులకి తెలిసింది. అప్పటికి సబ్బులూ బెల్లమూ అయిపోయి ఓడినవాళ్ళకి పిడికెడు పప్పే దక్కుతోంది. దాంతో ఇసకలో నడుచుకుంటూ వచ్చి, వరసలో నిలబడి, అందరూ ఏడు మీదే పెట్టారు. “బల్ల కింద ఇటుకెట్టు బావా!” అని అరిచాను. బావ ఇటుక పెట్టాడు. బల్ల రెండో పక్కకి ఒరిగింది. చక్రం పదకొండు దగ్గర ఆగడం మొదలెట్టింది.

సాయంత్రానికి డబ్బాలన్నీ ఖాళీ. బావ పడవ అంచున కూర్చుని ఇసకలోకి కాళ్ళు వేలాడేశాడు. కబురు విని అక్క రాజాం నుంచి బస్సెక్కి వచ్చింది. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి చూసి, మళ్ళీ పెట్టింది.

“కొట్లోకి ఏటైనా మిగిలిందా?”

“లేదే” అన్నాడు బావ.

“తప్పు నాదక్కా” అన్నాను.

“నీదేటి? నీకు తూచడం నేర్పింది నేనే కదా” అంది. చెంపదెబ్బ కొట్టినా బాగుండేది అనిపించింది.

వానలొచ్చాక వరద ఆ పడవని ఎత్తుకుపోయింది. గట్టున నిలబడి చూసినవాళ్ళు బ్రహ్మాండంగా తేలిందని చెప్పారు. అప్పటికే కొట్టు చేతులు మారింది. కొన్నాయన మంచివాడే, అదే కొట్లో బావకి తూచే పని ఇచ్చాడు. మొదటిరోజు అన్నం క్యారేజీ నేనే పట్టుకెళ్ళాను. పాత ఖాతాదారు ఒకామె గుమ్మంలోంచి “షావుకారూ, మినపప్పున్నాదా?” అని పిలిచింది. బావ, ఎవరిని పిలుస్తోందా అని వెనక్కి తిరిగి చూశాడు.

అక్క నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు, అదే నా బాధ. ఓడిపోవడానికి సంచులు పట్టుకుని నిలబడ్డ వరసని చూపించి, “సూసావా బావా, ఎంత జనమో!” అని గర్వపడ్డ ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. సరే, లేవండి, మీకూ పనులుంటాయి. మీ ఇంట్లో డబ్బాలు ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీవాళ్ళని ఎవరు ఎంత గౌరవంగా పిలిచినా, వెనక్కి తిరిగి చూసుకోకుండా పలికే రోజులే ఉండాలి.