ఎర్సీలియో బాబాయ్ దుబాసీతనం

మా ఎర్సీలియో బాబాయ్‌కి ఒకటే జబ్బు: ఇంగ్లిషులో ఎవరేమన్నా ఇటాలియన్‌లో ఉన్నదున్నట్టు చెప్పడు, పెంచుతాడు. అవతలివాడు పొద్దున్నే "గుడ్ మార్నింగ్" అంటే, ఈయన దాన్ని చెప్పి ముగించేసరికి భోజనాల గంట కొట్టేసేవారు. అబద్ధమైతే నా చెవులు కోయించుకుంటాను. ఆరో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణే గానీ, అమెరికాలోని మా బారీ ఊళ్లో రెండు భాషల్లోనూ నా అంత కమ్మగా తిట్టగలవాడు లేడు. కాబట్టి ఈ విషయంలో నా మాటకు తిరుగులేదు.

ఇటలీ నుంచి వచ్చిన మావాళ్లు ఇక్కడ గ్రానైటు సమాధిరాళ్లు చెక్కుతారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, నలభై అయిదుకే కొండమీది శానిటోరియం చేరతారు. అక్కడ నర్సులకు ఇటాలియన్ రాదు, మావాళ్లకు ఇంగ్లిషు రాదు. మధ్యన బాబాయ్.

నర్సు మంచంమీది బాటిస్తాని "ఎలా ఉన్నారు?" అంటుంది. బాబాయ్ అందుకుంటాడు:

"ఒరేయ్ బాటిస్తా, నువ్వు దగ్గుతుంటే ఈ పిల్లకి ముద్ద దిగలేదట. వాళ్ల నాన్నవీ నీలాంటి మీసాలేనట."

"ఇంతుందా? పెదవులు రెండుసార్లేగా కదిలాయి!" అంటాడు బాటిస్తా.

"ఇంగ్లిషు మడతపెట్టిన దుప్పటిరా. నేను విప్పి కప్పుతున్నాను."

"కోతలరాయుడివి బాబాయ్!" అనేవాణ్ణి.

"నోర్ముయ్, బడిదొంగా!"

ఆ జనవరిలో, మాతోపాటు రాళ్లు చెక్కిన గ్వాల్తియేరో వంతు వచ్చింది. అతని పెళ్లాం స్కాట్లండు మనిషి. మొగుడితో పడక, నాలుగేళ్ల కొడుకుని ఎత్తుకుని బోస్టన్ వెళ్లిపోయింది. ఇరవయ్యేళ్లయింది. పోయేలోగా వాడి నోట ఒక్క మాట వినాలని గ్వాల్తియేరో కోరిక. బాబాయ్ ఉత్తరం రాస్తే ఆ కొడుకు రాల్ఫ్ వచ్చాడు. ఇటాలియన్ ముక్క రాదు. మంచం కాళ్ల దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"హలో," అన్నాడు. కిటికీ వైపు చూసి, "బయట చలిగా ఉంది," అన్నాడు. అంతే.

గ్వాల్తియేరో బాబాయ్ వైపు తిరిగాడు. "ఏమన్నాడు?"

నేను నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను.

"నాన్నా, అంటున్నాడు. దారంతా మాటలు కూడబలుక్కుని వచ్చాను, నిన్ను చూడగానే అన్నీ పోయాయి, అంటున్నాడు. నావీ నీ చేతులే, చూడు, అంటున్నాడు. చలికి కొంకర్లు పోయాయి, కాస్త పట్టుకో, అంటున్నాడు."

గ్వాల్తియేరో దుప్పట్లోంచి రెండు చేతులూ చాపాడు.

"ఏం కావాలట?" అన్నాడు రాల్ఫ్.

"నీ చేతులు," అన్నాడు బాబాయ్.

ఇచ్చాడు. చెక్కేముందు రాతి పొర చూసినట్టు, ఆ తండ్రి ఒక్కో వేలూ తడిమి చూశాడు. నాకిక నవ్వు రాలేదు.

నాలుగు రోజులకి గ్వాల్తియేరో పోయాడు. చలికాలం పోయినవాళ్లని, గడ్డకట్టిన నేల మే నెలలో కరిగేదాకా పూడ్చలేక, రాతి గదిలో ఉంచుతాం. రాల్ఫ్ వెళ్లేముందు బాబాయ్‌ని పట్టుకున్నాడు.

"ఆ రోజు నేను మా నాన్నతో ఏమన్నాను?"

"చలిగా ఉందన్నావు బాబూ."

"ఆయన విన్నదేమిటండీ?"

బాబాయ్ తలొంచుకుని మొత్తం చెప్పాడు. దెబ్బలు తినడానికి సిద్ధపడ్డాడనే అనుకున్నాను.

"అది నాకు నేర్పండి," అన్నాడు రాల్ఫ్.

ఆదివారమాదివారం రైలెక్కి వచ్చి నేర్చుకున్నాడు. మే నెలలో గుంట పక్కన నిలబడి, "నాన్నా" అని మొదలుపెట్టాడు. ఉచ్చారణ ఘోరం. చేతుల మాట దగ్గర తడబడ్డాడు. బాబాయ్ అందించబోతే నేనే ఆయన నోరు మూశాను.

రాల్ఫ్ తన చేతులకేసి చూసుకుని, ముక్కలు ముక్కలుగా అన్నాడు: "నావీ నీ చేతులే. ఇప్పుడు వెచ్చగా ఉన్నాయి నాన్నా."

బాబాయ్ నా డొక్కలో మోచేత్తో పొడిచాడు. కళ్లు తుడుచుకుంటూనే ఇకిలిస్తున్నాడు.

"విన్నావట్రా? ఆ చివరి ముక్క నేను నేర్పింది కాదు!"