జర ఆగుండ్రి

మాది జగ్గయ్యపేట దాటాక గరికపాడు వైపు ఊరు. చెక్‌పోస్టు అవతల తెలంగాణ, ఇవతల మేం. లారీలను ఆపుతారు గానీ మాటలను ఎవరాపుతారు? మా నోట్లో అటువీ ఇటువీ కలిసే ఉంటాయి.

నందిగామలో ఓ రక్తపరీక్షల ల్యాబులో రిసెప్షన్ ఉద్యోగం దొరికింది. వచ్చినవాళ్ళను వరసలో పిలవడం నా పని. చేరిన కొత్తలో, జనం కిక్కిరిసి ఉన్న ఓ పొద్దున, “జర ఆగుండ్రి, పిలుస్తా” అన్నా. లోపలి గదిలోంచి మేనేజరు బయటికొచ్చాడు.

“ఏంటీ? ఇంకోసారి అను!”

వినపడలేదేమో అనుకుని, వెర్రిదాన్ని, మళ్ళీ అన్నా. హాలంతా గొల్లున నవ్వింది.

ఆ రోజు నుంచి నా పేరు పోయింది. “జరా, ఇటు రా.” “జరా, రిపోర్టేదీ?” తోటివాళ్ళూ అందుకున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, నన్ను ఏడిపిస్తున్నంతసేపూ మేనేజరు వాళ్ళ జోలికి పోడని వాళ్ళ ధీమా. పేషెంట్ల దగ్గర మాత్రం అతను మాటమాటకీ అండి తగిలించేవాడు. వింటుంటే ఒళ్ళు మండేది.

ఓసారి ధైర్యం చేసి, “నన్ను పేరుతో పిలవండి సార్” అన్నా.

“సరదాకి అంటే ఏడుస్తావేంటమ్మా? అంత సుకుమారమైతే ఇంట్లో కూర్చో.”

ఇంట్లో కూర్చుంటే మాకు గడవదని అతనికి బాగా తెలుసు.

ఇక ప్రతి మాటా లోపల ఒకసారి సరిచూసుకుని అనడం మొదలుపెట్టా. “కొంచెం ఆగండి.” “కూర్చోండి.” అలా కూడబలుక్కునేలోపు ఎవరి వంతో దాటిపోయేది. దానికీ తిట్లే. చివరికి ఆ ఉద్యోగం మానేశా.

ఇప్పుడు జగ్గయ్యపేటలోనే ఓ మందుల షాపులో చేస్తున్నా. ఓనరు నెమ్మదస్తుడు. అయినా ఆయన పిలిస్తే చాలు, ఏ మాట తప్పుగా అన్నానా అని వెతుక్కుంటా. ఆ మేనేజరును క్షమించేంత పెద్ద మనసు నాకు లేదు, రాదు కూడా.

మొన్న అమ్మకి కడుపులో నొప్పొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. “ఏమైందమ్మా?” అని ఆయన నన్నే అడిగాడు. నొప్పెక్కడో, ఎప్పుడు మొదలైందో అంతా నాకు తెలుసు. ఏ మాట ఎలా అనాలా అని లోపల పేర్చుకుంటూ ఉండిపోయా. ఆయన పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. అమ్మ ఓర్చుకోలేక తనే చెప్పింది.

“పొద్దుగాల నుంచి ఈడ ఒకటే గుంజుతుందయ్యా.”

డాక్టరు నవ్వలేదు. తలూపి రాసుకున్నాడు.

బయటికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆగింది. “నీకేమైందే? నువ్వు చెప్తావనే కదా నిన్ను తోలుకొచ్చింది” అంది.