సాక్షిని వెంటబెట్టుకుని హైకోర్టుకు

మొన్న మా మనవరాలు ఏదో ఉద్యోగ పరీక్షకు చదువుతూ, రాష్ట్రంలోని కోర్టులన్నిటినీ ఒక తెల్లకాగితం మీద బొమ్మ గీసింది. అడుగున చిన్న కోర్టు, మా కాలంలో దాన్ని మున్సిఫ్ కోర్టు అనేవాళ్ళం; దానిమీద జిల్లా కోర్టు; అన్నిటికన్నా పైన హైకోర్టు. కింది నుంచి పైకి బాణం గుర్తులు. "సరిగ్గా ఉందా తాతా?" అని అడిగింది. ఉందన్నాను. బాణాలు కిందికి కూడా వస్తాయని చెప్పబోయి ఊరుకున్నాను. పరీక్షలో దానికి మార్కులుండవు.

మా పెద్దబాపుకు, అంటే మా నాన్న అన్నగారికి, బోధన్ దగ్గర ఏడెకరాల చెరకుతోట ఉండేది. తోటకూ రోడ్డుకూ మధ్య ఇంకొకాయన పొలం. దాని అంచున మా బండ్లు పోయే బాట. ఒక ఏడు ఆయన ఆ బాటను దున్ని పసుపు పంట పెట్టాడు. ఫ్యాక్టరీ నుంచి చెరకు కొట్టమని చీటీ వచ్చాక కొట్టిన గడను వెంటనే చేర్చాలి. ఎండలో పడి ఉంటే రోజురోజుకూ బరువు తగ్గిపోతుంది. బాట లేక ఇంటిల్లిపాదీ మోపులు కట్టి, కాలువ గట్టు మీదుగా రోడ్డుదాకా తలమీద మోశారు. రెండేళ్ళు తిరక్కుండా మా పెద్దమ్మ మెడ ఒక పక్కకు వాలింది. అప్పుడు పెద్దబాపు బోధన్ మున్సిఫ్ కోర్టులో దావా వేశాడు.

మాకున్న సాక్షి ఒక్కడే. ఆ బాటన నలభై ఏళ్ళు బండి తోలిన ముసలాయన. ఆయన బోనెక్కి బండ్లు నడిచాయని చెప్పాడు, మున్సిఫ్ గారు నమ్మారు, మేము గెలిచాం. బాట తెరిచేలోపే పొలం ఆయన నిజామాబాద్ జిల్లా కోర్టులో అప్పీలు వేసి స్టే తెచ్చుకున్నాడు. అప్పీలులో సాక్షులను పిలవరు, కింది కోర్టులో రాసుకున్న కాగితాలు చదువుతారు. చదివారు. ఓడిపోయాం. పెద్దబాపు దీన్నుంచి ఒక సూత్రం లాగాడు: సాక్షిని చూసిన జడ్జి గెలిపించాడు, చూడని జడ్జి ఓడించాడు. కాబట్టి హైకోర్టుకు సాక్షిని తీసుకునే పోవాలి. ఇంట్లో బి.ఏ. చదివింది నేనొక్కణ్ణే. చదివింది చరిత్రే అయినా నన్ను ముప్పాతిక వకీలు కింద జమకట్టారు. ఆ ముప్పాతిక వకీలు కూడా సరేనన్నాడు. పెద్ద డాక్టరు మళ్ళీ తనే నాడి పట్టుకుని చూస్తాడు కదా అని నా తర్కం.

బోధన్ బస్టాండులో పొలం ఆయన ఎదురయ్యాడు. ఊరి వరసకు పెద్దబాపుకు మామ. "ఏం అల్లుడా, సాక్షిని నడిపించుకపోతున్నవా, ఎత్తుకపోతున్నవా?" అన్నాడు.

పెద్దబాపు నోరు తెరిచేలోపే ముసలాయన అందుకున్నాడు. "నడిచే పోత పటేలా, బాట ఉన్నంత దూరం."

నిజామాబాద్‌లో రైలెక్కి హైదరాబాద్ చేరి, మూసీ ఒడ్డున ఆ పెద్ద భవనం వరండాలో కూర్చున్నాం. ముసలాయన ఉతికిన తలపాగా చుట్టుకుని, పిలుపు కోసం చెవి రిక్కించి ఉన్నాడు. అక్కడ మా కేసు చూసే వకీలు గారు వచ్చి ముసలాయన తలపాగా వంక చూశారు. "సాక్షిని ఎందుకు తెచ్చారండీ? ఇక్కడ కాగితాలే చూస్తారు."

"గంత పెద్ద జడ్జి, మనిషిని సూడకుంట ఎట్ల తెలుసుకుంటడు?" అన్నాడు పెద్దబాపు. వకీలు గారు ఫైలు తీసుకుని లోపలికి పోయారు. లోపల వాదన ఇంగ్లీషులో పావుగంట నడిచింది. బయట ముసలాయన చాయ్ ఊదుకుంటూ నాతో అన్నాడు, "బాటకు అడుగుడేంది బిడ్డా? మా అయ్య తోలిండు, నేను తోలిన. ఎన్నడు ఎవల్ని అడగలే. అడిగి నడిస్తె అది బాట ఎట్లయితది?" నేను నవ్వి, ఇంకో చాయ్ చెప్పాను.

కొన్నాళ్ళకు తీర్పు వచ్చింది. బండ్లు నడిచాయి, సరే. అయితే పొలం యజమానిని అడిగి నడిపారా, అడగకుండా హక్కుగా నడిపారా? అడిగి నడిపితే అది ఆయన దయే, హక్కు కాదు. ఆ మాట సాక్షిని ఎవరూ అడగలేదు. కనుక కేసు మళ్ళీ బోధన్‌కు పంపుతున్నాం, అక్కడ అడిగి తేల్చండి. ఫైలు తీరిగ్గా దిగివచ్చి, నంబరు పడి, తేదీ వచ్చేసరికి ముసలాయన పోయి ఏడాది దాటింది.

ముసలాయన వరండాలో చెప్పిన మాట నేను చెవులారా విన్నాను, బోనెక్కుతానన్నాను. బోధన్ వకీలు తల అడ్డంగా ఊపాడు. "నువ్వు విన్నది పనికిరాదు. ఆయనొచ్చి చెప్పాలె."

"ఆయన రాలేడు కదా?"

"గందుకే అంటున్న."

ఇక మిగిలింది పొలం ఆయనే. మా వకీలు ఆయన్నే అడిగాడు, వీళ్ళు ఎన్నడన్నా నిన్ను అడిగి బండ్లు తోలారా అని. మా ఇంట్లో ఏ ఎద్దును ఏ సంతలో కొన్నామో చెప్పగల మనిషి, బోను కట్టె పట్టుకుని పెద్దబాపు వైపు చూశాడు. "యాదికి లేదు" అన్నాడు. రుజువు చేసుకోవాల్సింది మేము కాబట్టి దావా కొట్టేశారు.

పెద్దబాపు మళ్ళీ అప్పీలు పోలేదు. "అబద్ధం చెప్పనీకె గూడ ఓపిక లేనట్టుంది మామకు. నాకూ లేదు" అన్నాడు. మరుసటి ఏడు చెరకు తీసేసి వరి వేశాడు, వడ్లయితే ఆగుతాయి. పెద్దమ్మ మెడ అట్లాగే ఉండిపోయింది. అడిగి నడిచారా, అడగకుండానా అని అడగడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం దగ్గరికి చేరడానికి మాకు పదకొండేళ్ళు పట్టింది.