డ్రమ్మర్‌కు కప్పిన శాలువా

మొయినాబాద్‌లో మేం చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఏ బ్రాంచివాడైనా చివరికి సాఫ్ట్‌వేర్‌కే పోవాలి. సివిల్ వాళ్లు కూడా సిమెంటు ముట్టకుండా జావా నేర్చుకుంటున్న రోజులవి. కాలేజీ డే మర్నాడు జరిగే క్యాంపస్ ఇంటర్వ్యూ జాబితాలో నా పేరుంది. డే నాడు శాలువాలు అందించే పని కూడా నాదే.

ఆ సాయంత్రం పాడడానికి సిటీ నుంచి ఒక పాత రాక్ బ్యాండ్ వచ్చింది. నలుగురూ యాభై దాటినవాళ్లు. జుట్టు పొడుగ్గా పెంచినాయనకు ముందువైపు లేదు. స్టేజీ ఎక్కేముందు గాయకుడు మోకాలికి నొప్పి మందు రాసుకుంటుంటే, తిరుగుబాటు వాసన ఇలా ఉంటుందని తెలిసింది.

ముఖ్య అతిథి ఫామ్‌హౌస్‌ల వ్యాపారి. బ్యాండుకు పేరు తెచ్చిన పాటేమో ఊరి బావుల్ని మింగిన ఫామ్‌హౌస్‌ల మీదే: "మా బాయి ఎవ్వని గేటు లోపలున్నది?"

ప్రిన్సిపాల్ నన్ను పక్కకు పిలిచాడు.

"గా పాట షురూ చేస్తే పొయ్యి పాడేటోనికి శాలువా కప్పు. కప్పంగనే ఎవ్వడన్న దండం పెట్టి ఆగుతడు. నువ్వు కప్పకుంటే లిస్టుల నీ పేరు కొట్టేస్త."

నిజమే. మీద శాలువా పడ్డాక కూడా మాట్లాడుతూ పోయిన మనిషిని మా వైపు ఎవరూ చూడలేదు.

నాలుగో పాటగా అదే అందుకున్నారు. ముఖ్య అతిథి నవ్వు బిగుసుకుంది. ప్రిన్సిపాల్ సైగ చేశాడు. శాలువాతో ఎక్కాను.

మా ఊరు ఆలూరులో మా బావి ఆ అతిథి ఫెన్సింగ్ లోపలే ఉంది. అందులో నీళ్లు ఎన్నడూ సరిగ్గా లేవు. అయినా మాదే కదా.

నన్ను చూసి గాయకుడు గొంతు పెంచాడు. ఆయన్ని దాటిపోయి, వెనకాల కూర్చున్న డ్రమ్మర్‌కు కప్పాను. ఆయన దండం పెట్టలేదు, చేతులు ఖాళీ లేవు.

"సల్లగుండు బిడ్డా. జర అటు జరుగు, కర్ర తాకుతది" అన్నాడు.

పాట పూర్తయింది. పిల్లలు మళ్లీ పాడమని అరిచారు. మళ్లీ పాడారు.

కిందికి దిగగానే ప్రిన్సిపాల్ పట్టుకున్నాడు. పక్కనే ముఖ్య అతిథి.

"ఎవ్వనికి కప్పమన్న, ఎవ్వనికి కప్పినవ్‌రా?"

"అందర్ల పెద్దాయన గాయనే సార్."

"మజాక్ చేస్తున్నవా? సార్‌కు మాఫీ చెప్పు. లిస్టుల పేరుంటది."

"చెప్ప సార్. గా బాయి మాది."

ఆయన జేబులోంచి జాబితా తీసి నా పేరు మీద గీత కొట్టబోయాడు. పెన్ను రాయలేదు. విదిలించాడు. అయినా రాయలేదు.

నా పెన్ను ఇచ్చాను.