ఆంటీ డైనింగ్ టేబుల్ మీద మర్చిపోయిన వ్యాసం

మొన్న ఆదివారం నా గది ఊడిపోవాల్సింది. ఎలా మిగిలిందో వినండి.

డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో వసంత ఆంటీ వాళ్లింట్లో పైగదిలో అద్దెకుంటున్నా. అది పోతే ఈ ఊళ్లో ఇంకోటి వెతుక్కోవడం నా తరమా? ఇంట్లో అంతా సాఫ్ట్‌వేర్ బాపతు, నేనొక్కణ్ణే లిటరేచర్. మా ప్రొఫెసర్ ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. మూడొందల ఏళ్ల కిందట లండన్ కాఫీ హౌసుల్లో చిన్న చిన్న పత్రికలు ఉండేవట. ఊళ్లో మనుషుల తీరు మీద పేరు చెప్పకుండా వ్యాసాలు రాసేవాళ్లు. ఒకరు పైకి చదివితే టేబుల్ చుట్టూ అంతా వినేవాళ్లు. "మీరూ అలాంటిదొకటి రాయండి, తెలిసినవాళ్ల మీదే" అన్నారు.

నాకు తెలిసిన కాఫీ హౌస్ ఒక్కటే, ఆంటీ కిచెన్. ప్రతి ఆదివారం ఫిల్టర్ కాఫీ, పదిమంది తెలుగువాళ్లు. ఇంకేం, రెచ్చిపోయా. 'కాఫీ పోసి కబుర్లు పిండుకునే ఇల్లాలు. ఎవరి వీసా ఎప్పుడు అయిపోతుందో వాళ్లకంటే ముందు ఈవిడకే తెలుసు' అని ఇంగ్లీషులో దంచేశా. పేరు వేయకుండా ప్రింట్ తీసి, కింద డైనింగ్ టేబుల్ మీదే మర్చిపోయి, స్నానానికి పోయా. బుద్ధి ఉన్నవాడు చేసే పనేనా?

కిందకి దిగేసరికి జనం వచ్చేశారు. ఆంటీ కూతురు దివ్య నా వ్యాసం పైకి చదువుతోంది, ఐరిష్ యాసలో. వీసా మాట దగ్గర ఆంటీ కప్పు కింద పెట్టారు. సూట్‌కేస్ మంచం కిందుందా, అటక మీదుందా అని ఆలోచిస్తున్నా.

ఆంటీ పడీపడీ నవ్వారు. "అచ్చం కార్లో టౌన్‌లో ఉండే మన పద్మే! ఎవరు రాశారో గానీ చేతికి బంగారు కడియం తొడగాలి."

హమ్మయ్య, పోయిన ప్రాణం లేచొచ్చింది. గది దక్కింది.

"వెయిట్, దేర్స్ మోర్" అంది దివ్య. మిగిలింది నా గురించి నేనే గొప్పగా రాసుకున్న పేరా. 'మూల కుర్చీలో ఒక యువకుడు. మాట్లాడడు. అందరినీ గమనిస్తూ, కప్పు మీద కప్పు కాఫీ తాగుతూ, లోకాన్ని అర్థం చేసుకుంటాడు.'

అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. ఆంటీ జాలిగా నా భుజం తట్టారు.

"పట్టించుకోకు నాన్నా. ఎవరో నీమీద బాగా కడుపుమంట ఉన్నవాళ్లే రాసుంటారు."