పల్చటి హార్డ్ డిస్కులో కనబడిన మనిషి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కంప్యూటర్లు విప్పి బిగించే పనిలో ఉన్నవాణ్ణి. ఏం జరిగినా కేబుల్ లోపమో, వైరసో ఉంటుందని, లేదంటే ఎవరి చెయ్యో పడి ఉంటుందని వెతకడం నా అలవాటు. ఈ విషయంలోనూ అలాగే వెతికాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేనూ, నా స్నేహితుడు రఫీ కలిసి పటమటలో కంప్యూటర్ల షాపు నడిపేవాళ్ళం. హైదరాబాద్ డీలరు ఒక కొత్త రకం హార్డ్ డిస్కు పంపాడు. మామూలు వాటికంటే బాగా పల్చగా ఉంది. చాలా వేగంగా పనిచేస్తుందట. వాడి చూసి ఎలా ఉందో చెప్పమన్నాడు.

నాకు మొదటినుంచీ అనుమానమే. ఇంత పల్చటిది అంత వేగంగా తిరిగితే వేడెక్కి పోతుందనుకున్నాను. ఎవరో వాడేసినదాన్ని కొత్త కవర్లో పెట్టి పంపారేమోనని సీలు కూడా పరీక్షగా చూశాను. సీలు సరిగానే ఉంది. డిస్కులో పాత ఫైళ్ళేమీ లేవు. అయినా ఒకసారి ఫార్మాట్ చేశాను.

పక్క వీధిలో ఫొటో స్టూడియో నడిపే సత్యవతిగారి ఫొటోలు మా దగ్గర ఒక కంప్యూటర్లో ఉన్నాయి. అన్నీ ఆవిడ భర్త తీసినవే. ఆయన మేం షాపు పెట్టకముందే పోయారు. రఫీగానీ నేనుగానీ ఆయన్ని చూడలేదు. నెగెటివులు చెమ్మకి పాడైపోతుంటే స్కాన్ చేయించి, వీటిని ఏ డిస్కులో దాచాలో చెప్పమని ఆవిడ మమ్మల్ని అడిగారు. మేం చెప్పేది తప్పయితే ఆయన పనంతా పోయినట్టే. అందుకే వాటితోనే పరీక్షిద్దామనుకున్నాను.

ఫొటోలన్నీ కొత్త డిస్కులోకి కాపీ పెట్టాను. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. చప్పుడు లేదు. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. సరిగా వచ్చాయో లేదో ఒక్కొక్కటే తెరిచి చూస్తుంటే, హనుమాన్ జంక్షన్‌లో జరిగిన ఒక పెళ్ళి గ్రూపు ఫొటో దగ్గర రఫీ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

వరస చివర, షామియానా గుంజ పక్కన, గళ్ళ చొక్కా మనిషి. తల కాస్త వంచి ఫ్లాష్ వైరు మోచేతికి చుట్టుకుంటున్నాడు. పాత డిస్కులో అదే ఫొటో తెరిచాం. గుంజ ఉంది, మనిషి లేడు.

"ఆటలాడుతున్నావా?" అన్నాను. ఫొటోలు అతికించడం రఫీకి బాగా వచ్చు.

"కాపీ చేసింది నువ్వు. నన్నంటావేంటి?" రఫీ మొహం ఎర్రబడింది. "నువ్వే ఏదో చేసి నామీద తోస్తున్నావు."

వైరస్ స్కాన్ చేశాను. ఏమీ దొరకలేదు. రెండు ఫైళ్ళ సైజూ ఒక్కటే. మేం ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ కూర్చున్నాం.

అంతలో డిస్కు సంగతి కనుక్కుందామని సత్యవతిగారే వచ్చారు. స్క్రీను చూసి అలాగే స్టూలు మీద కూలబడ్డారు.

"మా ఆయన," అన్నారు. "ఆ చొక్కా నేను కుట్టించిందే బాబూ. ఆయన ఒక్క ఫొటో కూడా దిగలేదు. తీసేవాడికి దిగే తీరికెక్కడిదే అనేవారు. దండ వెయ్యటానిక్కూడా మా ఇంట్లో ఫొటో లేదు."

"మరి ఇది తీసిందెవరమ్మా?" అన్నాడు రఫీ.

"ఆయనే."

రఫీ మీద నా అనుమానం అక్కడే పోయింది. ఎక్కడా ఫొటో లేని మనిషిని ఎవరు మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చి అతికిస్తారు?

ప్రింటు తీసిమ్మన్నారావిడ. ప్రింటరు తగిలించడానికి కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. ఫొటో తెరిస్తే గుంజ మాత్రమే ఉంది. ఎన్నిసార్లు తెరిచినా అంతే.

"ఇంకోసారి కాపీ చెయ్యండి బాబూ. వేరేదాంట్లో వస్తారేమో," అన్నారు.

సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాం. ఆవిడ ప్రతి ఫొటోనూ చూశారు. పెళ్ళికూతుళ్ళనీ పెళ్ళికొడుకులనీ కాదు, అంచులనే చూశారు. ఆయన మళ్ళీ రాలేదు. వెళ్ళేటప్పుడు తనకి ఆ డిస్కే కావాలన్నారు.

మర్నాడు డీలరుకి ఫోన్ చేసి డిస్కు బాగుందని చెప్పాను.

"కాపీలో తేడా ఏమైనా వచ్చిందాండీ?" అనడిగాడు.

రెండు ఫైళ్ళ సైజూ ఒక్కటేనని చెప్పాను.