కందిపొడి గణతంత్రం

పుస్తకాల్లో చదివిన నీతులన్నీ పక్కవాళ్లకోసమే రాశారని అనుకునే వయసొకటుంటుంది. ఆ రోజుల్లో నాకా జబ్బు కాస్త ముదిరి ఉండేది. సింగపూర్‌లో, క్లెమెంటి అనే పేటలో ఒక ఫ్లాట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. కర్నూలన్న, వరంగల్ తమ్ముడు ఇంజనీరింగ్ పరిశోధకులు, నేను చరిత్ర. ఘానా తొలి అధ్యక్షుడి మీద పీహెచ్‌డీ చేస్తున్నానంటే మా మేనమామ, "మన ఊరి సర్పంచి సంగతే నీకు తెలీదు కదరా" అన్నాడు (నిజమే, తెలీదు). గిన్నెలు ఎవరు కడగాలన్న గొడవ ముదిరిన ఒకరోజు, అద్దె అగ్రిమెంటు తన పేరు మీదున్న కర్నూలన్న విసిగిపోయి, "ఏమప్పా, రాజకీయాలు సదివినోడివి, ఒక నెల నువ్వే సూసుకోపో" అన్నాడు. అలా నేను వంటింటికి అధ్యక్షుణ్ణయ్యాను.

నెల గడిచింది. పరిస్థితులింకా కుదుటపడలేదని ఇంకో నెల పొడిగించుకున్నాను, ఆపైన పొడిగిస్తున్నట్టు చెప్పడం కూడా మానేశాను. ఘానాలో కోకో పండించేది రైతులైతే ధర చెప్పేది ప్రభుత్వ బోర్డు. ఆ అన్యాయం మీద నిప్పులు కక్కుతూ ఒక అధ్యాయం రాస్తున్న వారంలోనే కర్నూలన్న వాళ్లమ్మ కందిపొడి పంపింది. ఇంటి నుంచి ఎవరికేం వచ్చినా ఉమ్మడి అరలో పెట్టడం మా ఆచారం. పోయినసారి పొడి నాలుగు రోజుల్లో ఖాళీ అయింది కనుక ఈసారి డబ్బాను నా గదిలోని బీరువాలో పెట్టి తాళం వేశాను. మనిషికి రోజుకు రెండు స్పూన్లు.

"మా యమ్మ దంచిన పొడి నేను అడుక్కోవల్లనా?" అన్నాడు కర్నూలన్న.

"అందరి మంచి కోసమే అన్నా" అన్నాను.

వరంగల్ తమ్ముడు పళ్లెంలోంచి తలెత్తకుండానే, "అన్నా, నువ్వు రాస్తున్నది గా పెద్దమనిషి గురించా, నీ గురించా?" అన్నాడు. వీడికి చరిత్ర అర్థం కాదులే అని జాలిపడ్డాను.

ఆ తర్వాత కౌలాలంపూర్‌లో మూడు రోజుల సదస్సుకు వెళ్లాను, తాళంచెవి జేబులో పెట్టుకుని. ఘానా అధ్యక్షుడు విదేశీ పర్యటనలో ఉండగా వెనక సైన్యం గద్దె లాగేసుకోవడం, మళ్లీ స్వదేశంలో కాలుపెట్టకుండానే కన్నుమూయడం, ఇదే నా ప్రసంగం. "జనం విసిగిపోయారని ఆయనకు తెలియలేదా?" అని ఎవరో అడిగారు. "చెప్పినవాళ్లున్నారు, వినే చెవులే లేవు" అన్నాను గంభీరంగా. చప్పట్లు కూడా పడ్డాయి.

తిరిగొచ్చి చూస్తే బీరువాకు నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. తలుపే లేదు. ఇంజనీర్లు కదా, బందుల మరలు విప్పి, తాళంతో సహా తలుపును గోడకు నిలబెట్టారు. ఫ్రిజ్ మీద కాగితం: "కొత్త ప్రభుత్వం వచ్చింది. మాజీ అధ్యక్షుడికి గిన్నెల శాఖ." మొదట కోపం, ఆ వెంటనే భయం వేశాయి. ఇల్లు కర్నూలన్న పేరు మీదుంది, పొమ్మంటే ఈ ఊళ్లో నాకెవరున్నారు? బ్యాగు దించకుండా అలాగే నిలబడ్డాను.

"ఏంటికప్పా ఆడనే నిలబడినావు, అన్నం సల్లారిపోతాది" అన్నాడు కర్నూలన్న. పళ్లెంలో వేడన్నం, నెయ్యి, పక్కన కొంచెం కందిపొడి. డబ్బా అప్పటికే కడిగి బోర్లించి ఉంది.

"తప్పయింది అన్నా" అన్నాను.

"తిను తిను. నీకు రెండు స్పూన్లే దాసిపెట్టినాం. రూలు నువ్వు పెట్టిందే గదా."

ఆ రాత్రే నా అధ్యాయం చివర ఒక వాక్యం చేర్చాను: 'తాళం వేసినవాడు దాచుకుంటున్నాననుకోడు, కాపాడుతున్నాననే అనుకుంటాడు.' మా ప్రొఫెసర్‌కు అది బాగా నచ్చింది. పక్కన ఎర్ర సిరాతో, ఆధారం చూపమని రాసింది. కందిపొడి అని ఎలా రాయను? వాక్యం కొట్టేశాను. ఇప్పుడు ఇదే ఊళ్లో, టాంపినీస్ ఇంట్లో ఆ థీసిస్ తెరిచినప్పుడల్లా, ఐదు వందల పేజీల్లో నాకు నిజంగా తెలిసిన ఆ ఒక్క ముక్కా లేని చోటు చూసుకుని నవ్వుకుంటాను.